మీటరు పక్కన పలక: మా పాత మిద్దె రిపేర్ల డైరీ

మాది కొర్లగుంటలో పాత మిద్దె. నాయన 1988లో కట్టించారు. కింద మూడు గదులు, పైన రేకుల గది ఒకటి. 2021 నవంబరు వానలకు తిరుపతి వీధుల్లో నీళ్ళు పారినప్పుడు మా గోడలు నాని చెమ్మ పట్టాయి. ఆ చెమ్మ ఇప్పటికీ పూర్తిగా వదల్లేదు. వంటింటి స్విచ్ బోర్డు మీద చెయ్యి పడితే ఒక్కోసారి జివ్వుమంటుంది. నాయన పోయాక ఆ బోర్డు జోలికి ఎవరం పోలేదు.

2025లో అక్టోబరు వానలు మొదలయ్యే లోపల పని ముగించాలని అనుకున్నాను. సెప్టెంబరు 24 నుంచి బ్రహ్మోత్సవాలు. అప్పుడు పనివాళ్ళు దొరకడం కష్టం. నాకు కాలేజీకి ఆదివారాలే సెలవు. మా ఆయనకు శ్రీసిటీలో షిఫ్టు డ్యూటీ. తోడుగా చిన్నాయన ఉన్నాడు, ముప్ఫై ఏళ్ళు ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరైన మనిషి.

మొదటి రోజే ఒక కాయితం మీద గీత గీసి రెండు వైపులా రాసుకున్నాను. ఎడమవైపు నేను చేసేవి: స్విచ్‌లు, ఫ్యాన్లు, తలుపుల రంగు, గోడకు చిన్న ప్యాచీలు. కుడివైపు నేను చేయనివి: మీటరుకు ముందున్న వైరు (అది కరెంటు డిపార్ట్‌మెంటుది), మెయిన్ బోర్డు కనెక్షన్లు, రేకుల మీదికి ఎక్కడం, గ్యాసు పైపు. పని మధ్యలో ఎంత ఉత్సాహం వచ్చినా ఈ గీత దాటకూడదని అనుకున్నాను.

ఆగస్టు 17, ఆదివారం

వంటింటి బోర్డు విప్పుదామని మెయిన్ ఆపాను. హాల్లో ఫ్యాను తిరుగుతూనే ఉంది. అది ఇన్వర్టర్ మీద తిరుగుతోందని నాకు తెలుసు. వంటింటికి ఇన్వర్టర్ లైను లేదు కదా అని స్క్రూడ్రైవర్ తీసుకున్నాను. చిన్నాయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఉండు పాపా. ఆపినాం అనుకుంటే చాలదు. ఆగిందా లేదా చూసుకోవల్ల."

హోల్డరుకు రెండు వైర్లు కట్టిన టెస్ట్ ల్యాంపు ఆయన సంచిలో ఎప్పుడూ ఉంటుంది. బోర్డులో నాలుగు స్విచ్‌ల దగ్గర పెడితే వెలగలేదు. ఐదోదాని దగ్గర వెలిగింది. పొగ లాగే ఫ్యాను పాయింటు అది. ఎప్పుడో ఎవరో దానికి ఇన్వర్టర్ లైను కలిపి పెట్టారు. ఆ సంగతి గుర్తుండేది నాయన ఒక్కరికే కావచ్చు. నేను వేలు పెట్టబోయింది సరిగ్గా అక్కడే.

ఆ తర్వాత పది నిమిషాలు నా చేతులు వణికాయి. కాఫీ తాగి మళ్ళీ మొదలుపెట్టాం. చిన్నాయన నేర్పిన వరుస ఇది. ముందు కరెంటు ఉందని తెలిసిన పాయింటులో ల్యాంపు పెట్టి వెలుగుతోందని చూడాలి. తర్వాత మనం పనిచేసే చోట పెట్టాలి. వెలగకపోతే మళ్ళీ మొదటి పాయింటుకు వెళ్ళి ఇంకోసారి చూడాలి. మధ్యలో ల్యాంపే మాడిపోయి ఉంటే చచ్చిన వైరు, బతికిన వైరు ఒకేలా కనిపిస్తాయి. పెన్ను లాంటి నియాన్ టెస్టర్‌ను మాత్రం ఆయన నమ్మడు. ఎండ వెలుతురులో దాని వెలుగు కనిపించదంటాడు.

ఇన్వర్టర్ గురించి ఇంకో మాట చెప్పాడు. దాని ముందు స్విచ్ ఒక్కటే ఆపి మెయిన్ వదిలేస్తే, బయటి కరెంటు దాని గుండానే ఇంట్లోకి వస్తుంటుంది. రెండూ ఆపాలి, ఆపాక చూడాలి.

ఇంట్లో ఎంసీబీలు (కరెంటు మితిమీరితే తమంతట తామే ఆగిపోయే స్విచ్‌లు) ఉన్నాయి కదా, షాక్ కొడితే అవే పడిపోతాయని నేను ఇన్నేళ్ళూ అనుకున్నాను. తప్పు. ఎంసీబీ కాపాడేది వైరును. 16 ఆంపియర్ల ఎంసీబీ పడాలంటే అంతకంటే ఎక్కువ కరెంటు పారాలి. మనిషి గుండె లయ తప్పడానికి ఆంపియరులో చిన్న భాగం చాలు. మనిషి కోసం పెట్టేది ఆర్‌సీసీబీ అనే ఇంకో స్విచ్. వెళ్ళిన కరెంటుకు, తిరిగొచ్చిన కరెంటుకు 30 మిల్లీఆంపియర్ల తేడా వస్తే అది పడిపోతుంది. ఆ తేడా 16 ఆంపియర్లలో ఐదువందలో వంతు కంటే తక్కువ. అయితే ఒక చేత్తో ఫేజు (కరెంటు వచ్చే వైరు), ఇంకో చేత్తో న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్ళే వైరు) పట్టుకుంటే ఆర్‌సీసీబీ కూడా కాపాడలేదు. వెళ్ళిందంతా తిరిగొస్తోంది కాబట్టి దాని లెక్కలో మనం ఒక బల్బు లాంటివాళ్ళమే.

మా ఇంట్లో అది లేదు. వచ్చే వారం లోపల పెట్టించాలి.

ఆగస్టు 23, శనివారం

లైసెన్సు ఉన్న వైర్‌మ్యాన్ వచ్చి ఆర్‌సీసీబీ బిగించాడు. ఆన్ చేయగానే పడిపోయింది. మూడుసార్లు అలాగే. ఇన్వర్టర్ లైను న్యూట్రల్‌ను, మెయిన్ లైను న్యూట్రల్‌ను ఒకే చోట మెలిపెట్టి ఉన్నారు. వాటిని విడదీశాక నిలబడింది. దాని మీద టెస్ట్ బటన్ ఉంటుంది. నెలకోసారి నొక్కితే పడిపోవాలి. క్యాలెండరులో ప్రతి నెలా 1వ తేదీ మీద గుండ్రంగా చుట్టి పెట్టాను.

ఆగస్టు 24, ఆదివారం

ఈ రోజు జరిగింది రాయడానికి కొంచెం కష్టంగా ఉంది.

బాత్రూమ్ ఎగ్జాస్ట్ ఫ్యాను మార్చాలి. అన్నీ నేర్చుకున్నట్టే చేశాను. మెయిన్ ఆపాను, ఇన్వర్టర్ ఆపాను, ల్యాంపుతో మూడుసార్లు చూశాను. కొత్త ఫ్యాను గోడకు బిగించి వైర్లు కలిపాను. టేపు చుట్టడమే మిగిలింది. టేపు హాల్లో మర్చిపోయాను. స్టూలు దిగి, వెళ్ళి తీసుకుని వచ్చేసరికి ఫ్యాను రెక్కలు తిరుగుతున్నాయి.

మా ఆయన నైట్ షిఫ్టు చేసి వచ్చి పడుకున్నారు. ఫ్యాను ఆగింది, ఉక్కపోసింది, మెలకువ వచ్చింది. కరెంటు పోయిందేమోనని లేచి చూస్తే మెయిన్ కిందికి ఉంది. పైకి వేసి మళ్ళీ పడుకున్నారు. ఆయన తప్పేమీ లేదు. నిద్రకళ్ళతో ఉన్న మనిషికి ఎవరూ చెప్పలేదు. నేను అర నిమిషం ముందు వచ్చి ఉంటే నా వేళ్ళ మధ్య ఉత్త రాగి వైరు ఉండేది.

సాయంత్రం చిన్నాయనకు చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత పాత రోజుల సంగతి చెప్పాడు. పింగాణీ ఫ్యూజుల కాలంలో పనికి ముందు ఫ్యూజు పీకి చొక్కా జేబులో వేసుకునేవాళ్ళట. పని అయ్యేదాకా జేబులోంచి తీసేవాళ్ళు కాదట. "నీ ఎంసీబీ జేబులోకి రాదు కదా పాపా" అన్నాడు.

మా కూతురి పాత పలక అటక మీద ఉంది. దాన్ని దించి, తాడు కట్టి మీటరు పక్కన మేకుకు తగిలించాను. ఇంట్లో ఎవరు ఏ పని మొదలుపెట్టినా దాని మీద పేరు, పని, మొదలుపెట్టిన టైము రాయాలి. రాసినవాళ్ళే చెరపాలి. పలక మీద అక్షరం ఉన్నంతసేపు ఆ చుట్టుపక్కల ఏ స్విచ్చూ ఎవరూ ముట్టుకోకూడదు. మెయిన్, ఎంసీబీలు ఉండే డీబీ పెట్టెకు చిన్న తాళం కూడా వేశాం. పనిచేసే మనిషి దగ్గరే తాళంచెవి ఉంటుంది. మా ఆయన నిద్ర లేచాక సంగతి విని, తానే బలపం తీసుకుని పలక పైన "ముందు ఇది చదువు" అని రాశారు.

ఆగస్టు 27, వినాయక చవితి

పని లేదు. సీరియల్ బల్బులు మిద్దెపైకి లాగుతుంటే ఒక అతుకు తడి గోడకు తగులుతూ కనిపించింది. తీసేశాం. అతుకు లేని దండే వేశాం.

ఆగస్టు 31, ఆదివారం

కొత్త పాయింట్లకు గోడలో గాడి కొట్టే పని. బేల్దారి మేస్త్రి, ఆయన వెంట ఒక కుర్రాడు వచ్చారు. మేస్త్రి గ్రైండరు మెషీనుకు గార్డు (బ్లేడు మీద ఉండే రక్షణ మూత) లేదు. గార్డు ఉంటే బ్లేడు లోతుకు పోదని తీసేశారట. నేను ఒప్పుకోలేదు. "గార్డు పెట్టుకోండన్నా, లోతు తగ్గితే సుత్తి, ఉలితో తీద్దాం" అన్నాను. కాసేపు గొణిగి సంచిలోంచి తీసి బిగించారు. సంచిలోనే ఉంది పాపం, ఎవరూ అడగలేదు అంతే.

బ్లేడు మీద రాసి ఉండే స్పీడు అంకె మెషీను మీది అంకె కంటే ఎక్కువ ఉండాలి, కనీసం సమానంగానైనా ఉండాలి. మెషీను మీద 12,000 అని ఉండి బ్లేడు మీద అంతకంటే తక్కువ ఉంటే తిరిగేటప్పుడే పగిలి ముక్కలు ఎగరొచ్చు. చెక్క కోసే పళ్ళ బ్లేడును గ్రైండరుకు తగిలించడం ఇంకా ప్రమాదం. పన్ను చెక్కలో ఇరుక్కున్న క్షణంలో మెషీను మన మీదికే తన్నుతుంది.

నేను చున్నీ తీసేసి, జడ ముడి వేసుకున్నాను. డ్రిల్లు పట్టుకునేటప్పుడు వదులుగా ఉండే గుడ్డ గ్లవుజులు వేసుకోలేదు. తిరిగే బిట్టు నూలుపోగును పట్టిందంటే వేలునూ లాక్కుపోతుంది. కళ్ళకు చుట్టూ మూసి ఉండే గాగుల్స్ పెట్టుకున్నాను. నా పవర్ కళ్ళజోడు చాలదు, పక్కల నుంచి వచ్చే ముక్కను అది ఆపదు. గోడ దుమ్ములో సిలికా ఉంటుంది. ఊపిరితిత్తుల్లో చేరితే మళ్ళీ బయటికి రాదు. తువ్వాలు కట్టుకుంటే సరిపోదని మేస్త్రికి, కుర్రాడికి కూడా ఎన్95 మాస్కులు ఇచ్చాను.

మధ్యాహ్నం ఇంకో పని దగ్గర ఆ జాగ్రత్త తప్పింది. మిద్దెపైన పిట్టగోడకు సున్నం కొడుతూ కుర్రాడు గాగుల్స్ నెత్తి మీదికి తోసుకున్నాడు. ఒక చుక్క కంట్లో పడింది. రుద్దుకోబోతే చేతులు పట్టుకున్నాం. అమ్మ పక్కింటి బాలింత దగ్గర చనుబాలు తెస్తానని లేచింది. ఆమె చిన్నప్పటి నుంచి చూసిన వైద్యం అది, ప్రేమతోనే అంది. "వద్దమ్మా, నీళ్ళే" అని కొళాయి కింద తల వాల్చి, రెప్పలు వేళ్ళతో తెరిచి, గడియారం చూసి 20 నిమిషాలు సన్నటి ధారతో కడిగాం. ఐదు నిమిషాలకే వాడు "చాలక్కా, తగ్గింది" అన్నాడు. ఆపలేదు. సున్నం మంట తగ్గినట్టు అనిపించినా లోపల కాలుస్తూనే ఉంటుంది. తర్వాత ఆటోలో కంటి డాక్టరు దగ్గరికి. పైపొర కొంచెం ఎర్రబారింది, చూపుకు ఢోకా లేదన్నారు. తడి సిమెంటు కూడా ఇలాంటి క్షారమే. చేతి మీద పడి ఆరిపోతే పుండు పడుతుంది.

సెప్టెంబరు 7, ఆదివారం

రాత్రికి సంపూర్ణ చంద్రగ్రహణం. మధ్యాహ్నానికల్లా బ్రష్షులు కడిగి పెట్టెయ్యమని అమ్మ పొద్దున్నే చెప్పేసింది. ఒంటిగంటకు ఆపాం.

వీధి తలుపు పాత రంగు గీకే పని. చివరిసారి 2004లో వేయించాం. మన దేశంలో ఇళ్ళకు వేసే పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) దాటకూడదనే నిబంధన 2016లో వచ్చి, 2017 నవంబరు 1 నుంచి అమలైంది. అంతకు ముందు మేం కొన్న డబ్బాల్లో ఎంత ఉండేదో నాకు తెలియదు. అందుకే మా తలుపు మీద సీసం ఉందనే లెక్కతో పనిచేశాను. ఉప్పుకాయితాన్ని పొడిగా రుద్దలేదు. నీళ్ళు చల్లి తడిగానే రుద్దాను. కింద పాత పేపర్లు పరిచి, రాలిందంతా అందులోనే చుట్టేశాను. మంటతో కాల్చి పెచ్చు తీసే పద్ధతి అసలు పెట్టుకోలేదు, ఆ పొగ పీల్చకూడదు. మా కూతురిని పొద్దున్నే చిన్నాయన ఇంటికి పంపాను. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. వేసుకున్న బట్టలు విడిగా ఉతికాను.

సెప్టెంబరు 14, ఆదివారం

సంపు శుభ్రం చేసే పని. ఆరడుగుల లోతు. శనివారం సాయంత్రమే మోటారుతో తోడేశాం, అడుగున రెండు అంగుళాల బురద నీళ్ళు మిగిలాయి. ఈ రోజు మనిషి దిగి తుడిచి, బ్లీచింగ్ పౌడరు చల్లి కడగాలి.

పౌడరు సంచి విప్పే ముందు మీటరు దగ్గరికి వెళ్ళి పలక చూశాను. నా పని రాయడానికే వెళ్ళాను. అక్కడ అప్పటికే అమ్మ చేతిరాత ఉంది. "సంపులో తుప్పు మరకలకు యాసిడ్ పోసినా. రాత్రి 8."

బాత్రూములు కడిగే యాసిడ్. దాని మీద బ్లీచింగ్ పడితే క్లోరిన్ గాలి పుడుతుంది. అది మామూలు గాలి కంటే బరువు, పైకి లేవదు, గుంటలోనే పేరుకుంటుంది. ఆరడుగుల గుంటలో మనిషి ఉంటే ఊపిరాడే దారి ఉండదు. మనిషి దిగడానికి చెప్పులు విప్పుతున్నాడు. ఆపాను.

ఈ పలక కరెంటు కోసం పెట్టింది. యాసిడ్ సంగతి రాయమని అమ్మకు నేను చెప్పలేదు. ఎందుకు రాశావని అడిగితే, "ఏ పని మొదలుపెట్టినా రాయమన్నావు కదమ్మా" అంది. ఆమెను పట్టుకుని కాసేపు అలాగే నిలబడిపోయాను.

తర్వాత పని నెమ్మదిగా చేశాం. బ్లీచింగ్ సంచి మూతి కట్టి దూరంగా పెట్టాం. పై నుంచి పైపుతో నీళ్ళు పోసి, తోడి, మళ్ళీ పోసి, అలా నాలుగుసార్లు. మూత మూడు గంటలు తెరిచి ఉంచి, గట్టు మీద పెడస్టల్ ఫ్యాను పెట్టి లోపలికి గాలి కొట్టించాం. మూసి ఉంచిన సంపులో, బురద కుళ్ళిన చోట, ఆక్సిజన్ తగ్గిపోయి ఉండొచ్చు. దానికి వాసన ఉండదు, రంగు ఉండదు. లోపల ఒకరు పడిపోతే కాపాడదామని దిగిన రెండో మనిషి కూడా పడిపోతాడు. అందుకే దిగే మనిషి నడుముకు తాడు కట్టాం, పైన ఇద్దరం నిలబడ్డాం. తాడుతో పైకి లాగాలే కానీ ఎవరూ వెంట దిగకూడదని, ఏమైనా అయితే 112కి ఫోన్ చేయాలని ముందే మాట్లాడుకున్నాం.

ఇంకొకటి ఉంది. మా మోటారుకు ఆటోమేటిక్ కంట్రోలర్ ఉంది. పై ట్యాంకులో నీళ్ళు తగ్గితే దానంతట అదే ఆన్ అవుతుంది. మనుషులైతే పలక చదువుతారు, కంట్రోలర్ చదవదు. ప్లగ్గు పీకి, వైరు చుట్టి, కిటికీ మీద అందరికీ కనపడేలా పెట్టాం.

చివరి నీళ్ళు ఏ వాసనా లేకుండా పోయేదాకా కడిగాం. బ్లీచింగ్ ఈ వారం వేయలేదు.

సెప్టెంబరు 21, ఆదివారం

పైగది రేకులు. పాత ఆస్‌బెస్టాస్ సిమెంటు రేకులవి. రెండు చోట్ల పగుళ్ళు. చూడ్డానికి గట్టిగానే ఉంటాయి, మనిషి బరువుకు చెప్పాపెట్టకుండా విరిగిపోతాయి. ఇది నా కాయితంలో కుడివైపు పని. వచ్చిన ఇద్దరూ అడుగున దూలాలు ఉన్న వరుస చూసుకుని, వాటికి అడ్డంగా చెక్క పలకలు పరిచి, వాటి మీదే నడిచారు. పగిలిన రేకును కొయ్యలేదు, డ్రిల్లు పెట్టలేదు. నీళ్ళతో తడిపి, బోల్టులు విప్పి, ముక్కలు కాకుండా నిలువునా దించారు. ఆ నార దుమ్ము పీలిస్తే జబ్బు ఏళ్ళ తర్వాత బయటపడుతుంది.

నేను చేసింది నిచ్చెన సంగతి ఒక్కటే. మిద్దె అంచు 12 అడుగుల ఎత్తు. నాలుగడుగుల ఎత్తుకు ఒక అడుగు లెక్కన నిచ్చెన కాళ్ళు గోడకు 3 అడుగుల దూరంలో పెట్టాం. దగ్గరగా పెడితే మనిషితో సహా వెనక్కి పడుతుంది, దూరంగా పెడితే కాళ్ళు జారుతాయి. పైన అంచు దాటి ఇంకో 3 అడుగులు ఉండేలా చూసి, తాడుతో కట్టాం. స్తంభం నుంచి ఇంటికి వచ్చే సర్వీసు వైరు ఆ మూలనే ఉంది. అందుకే అల్యూమినియం నిచ్చెన పక్కన పెట్టి వెదురుది తెప్పించాం. ఎండిన వెదురుదే. తడిసిన వెదురును కూడా వైరు దగ్గరికి పోనివ్వకూడదు.

సెప్టెంబరు 28, ఆదివారం

కొండ మీద గరుడ సేవ. ఊరంతా జనం, పనివాళ్ళెవరూ రాలేదు. ఇంట్లోనే చిన్న పనులు చూసుకున్నాం.

రాత్రి మూడింటికి ఆర్‌సీసీబీ పడిపోయింది. ఇంతకు ముందైతే మా ఆయన లేచి పైకి వేసేసేవారు. ఈసారి టార్చి వేసి ఒక్కొక్క ఎంసీబీ ఆపుతూ వెతికారు. గీజరు లైను దగ్గర దొరికింది. లోపల కాయిల్ చిట్లి నీళ్ళలోకి కరెంటు దిగుతోంది. గీజరు ఒక్కటే ఆపేసి మిగతా ఇంటికి కరెంటు ఇచ్చారు. పొద్దున లేచి చూస్తే పలక మీద ఉంది: "గీజరు వెయ్యొద్దు. కాయిల్ పోయింది. తె.వా. 3:20." బాత్రూము తలుపు మీద కూడా అదే మాట, మా కూతురి అక్షరాల్లో, ఇంకా పెద్దగా.

మిగిలిన పనులు: గీజరు కాయిల్. సంపులో బ్లీచింగ్. ఎర్త్ గుంట ఎండిపోయింది, వైర్‌మ్యాన్ వచ్చి రీడింగ్ తీసేదాకా రోజూ ఒక బిందె నీళ్ళు పోయాలి. బలపాలు అయిపోయాయి, ఒక డబ్బా తేవాలి.